వేడికి ముడుచుకునే పాలిమర్ కణాలు: తయారీ, శుద్ధి, ఉపరితల కొలతలు

ఒక చిన్న సీసాలో దాదాపు నీళ్లలాగే కనిపించే, కొద్దిగా నీలి ఛాయ ఉన్న ద్రవం ఉంది. దాన్ని 40 డిగ్రీల నీళ్లలో ముంచితే నిమిషం తిరక్కుండానే పాలలా తెల్లబడుతుంది. బయటికి తీసి చల్లారనిస్తే మళ్లీ మొదటిలాగే అవుతుంది. ఎన్నిసార్లు చేసినా ఇదే తీరు. లోపల ఉన్నవి కొన్ని వందల నానోమీటర్ల పాలిమర్ కణాలు. చల్లగా ఉన్నప్పుడు నీటిని నిండా పట్టుకుని ఉబ్బి ఉంటాయి. వేడెక్కితే ఆ నీటిని వదిలేసి ముడుచుకుంటాయి.

చూడటానికి ముచ్చటగా ఉంటుంది కానీ, వీటిని కొలవడం మొదలుపెట్టాక చాలామంది ఒకేచోట పొరబడతారు. 25 డిగ్రీల దగ్గర ఉన్న కణం, 45 డిగ్రీల దగ్గర ఉన్న కణం రసాయనికంగా ఒకటే. కొల్లాయిడ్‌గా, అంటే నీళ్లలో కరగకుండా చెదిరి ఉన్న సన్నని కణాలుగా చూస్తే మాత్రం అవి రెండు వేర్వేరు పదార్థాలు. ఉపరితలం వేరు, ఆవేశం కనిపించే తీరు వేరు, నీళ్లలో విడివిడిగా నిలబడటానికి కారణం కూడా వేరే. అందుకే ఉష్ణోగ్రత, ఉప్పు గాఢత రాయని ఏ అంకెనూ నేను లెక్కలోకి తీసుకోను. కింద చెప్పే ప్రతి దశలోనూ ఈ సంగతి గుర్తుంచుకోండి. డిగ్రీలన్నీ సెల్సియస్‌లో ఇస్తున్నాను.

అసలు ఎందుకు ముడుచుకుంటాయి

ఈ రంగంలో అందరూ వాడే పాలిమర్ పాలీ ఎన్-ఐసోప్రొపైల్ అక్రిలమైడ్. పరిశోధకుల నోట్లో అది పీనిపామ్. దీని గొలుసులో ప్రతి యూనిట్‌కూ నీటితో హైడ్రోజన్ బంధం కట్టే అమైడ్ భాగం ఒకటి, నీరు గిట్టని ఐసోప్రొపైల్ భాగం ఒకటి ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు అమైడ్‌దే పైచేయి. ఐసోప్రొపైల్ చుట్టూ నీటి అణువులు ఒక క్రమంలో కట్టుబడి ఉంటాయి. వేడి పెరిగేకొద్దీ ఆ క్రమాన్ని నిలబెట్టడం ఎంట్రోపీ పరంగా భారమై, నీరు విడిపోతుంది. గొలుసులు ఒకదాన్నొకటి అంటుకుని ముద్దవుతాయి. ఇది దాదాపు 32 డిగ్రీల దగ్గర జరుగుతుంది. హెస్కిన్స్, గిల్లెట్ 1968లో ఈ ప్రవర్తనను వివరంగా ప్రచురించారు. అదే పాలిమర్‌ను క్రాస్‌లింకర్‌తో (గొలుసులను ఒకదానితో ఒకటి ముడివేసే పదార్థంతో) కలిపి, నీళ్లలో గుండ్రటి కణాలుగా తయారు చేసే పద్ధతిని పెల్టన్, చిబాంటే 1986లో చూపించారు. ఇప్పటికీ మనం చేసేది దాదాపు ఆ పద్ధతే.

మార్పు వేరే ఉష్ణోగ్రత దగ్గర కావాలంటే మోనోమర్, అంటే గొలుసుకు ఇటుక లాంటి చిన్న అణువు, మార్చాలి. ఐసోప్రొపైల్ మెథాక్రిలమైడ్ పాలిమర్ 44 డిగ్రీల ప్రాంతంలో ముడుచుకుంటుంది. మొదటిసారి చేసేవాళ్లు మాత్రం పీనిపామ్‌తోనే మొదలుపెట్టండి. ఎక్కడ తేడా వచ్చినా పోల్చుకోవడానికి కావలసినంత సమాచారం దొరుకుతుంది.

మొదటి దశ: కణాల తయారీ

100 మిల్లీలీటర్ల మొత్తానికి కొలతలు ఇవి. ఎన్-ఐసోప్రొపైల్ అక్రిలమైడ్ 1.58 గ్రాములు, అంటే 14 మిల్లీమోల్. క్రాస్‌లింకర్‌గా మిథిలీన్ బిస్ అక్రిలమైడ్ 0.108 గ్రాములు, ఇది మోనోమర్‌లో 5 మోల్ శాతం. సర్ఫాక్టెంట్‌గా, అంటే సబ్బులాంటి పదార్థంగా, సోడియం డోడెసైల్ సల్ఫేట్ 0.03 గ్రాములు. చర్యను మొదలుపెట్టే ఇనిషియేటర్ పొటాషియం పర్‌సల్ఫేట్ 0.06 గ్రాములను 5 మిల్లీలీటర్ల నీటిలో విడిగా కరిగించి ఉంచుకోండి. మోనోమర్‌ను వీలైతే ముందుగా హెక్సేన్ నుంచి మళ్లీ స్ఫటికీకరించండి. నిల్వ కోసం కలిపిన ఇన్హిబిటర్ అందులో ఉండిపోతే చర్య ఆలస్యంగా మొదలవుతుంది. పాలిమర్ అయ్యాక పెద్దగా భయం లేదు కానీ, ఈ మోనోమర్లు అక్రిలమైడ్ కుటుంబానివి. తూకం వేసేటప్పుడు గ్లౌజులు, మాస్కు తప్పనిసరి. ఫ్యూమ్‌హుడ్‌లోనే పని చేయండి.

మోనోమర్, క్రాస్‌లింకర్, సర్ఫాక్టెంట్‌లను 95 మిల్లీలీటర్ల నీటిలో కరిగించి మూడు మూతుల ఫ్లాస్క్‌లో పోయండి. కండెన్సర్ బిగించి, కలుపుతూ 70 డిగ్రీలకు తీసుకురండి. కనీసం 40 నిమిషాలు ద్రవంలోపల నైట్రోజన్ బుడగలు పోనివ్వండి. ఇక్కడ తొందరపడితే మిగతాదంతా చెడుతుంది. కరిగి ఉన్న ఆక్సిజన్ చర్యను నడిపించే ఫ్రీ రాడికల్స్‌ను మింగేస్తుంది. తర్వాత పర్‌సల్ఫేట్ ద్రావణాన్ని, దానిలోంచి కూడా నైట్రోజన్ పంపి, ఒకేసారి పోసేయండి.

ఇప్పుడు ఫ్లాస్క్ దగ్గరే నిలబడి చూడండి. కొద్ది నిమిషాల్లో ద్రవంలో నీలి ఛాయ కనిపించి, ఆ తర్వాత తెల్లబడుతుంది. 70 డిగ్రీలు అంటే 32 కంటే చాలా పైన కాబట్టి, గొలుసు కొంత పొడవు పెరగగానే నీళ్లలో ఇమడలేక ముడుచుకుని చిన్న బీజమవుతుంది. ఆ బీజాలు ఒకదానితో ఒకటి కలుస్తూ, చివర్లలో ఉన్న సల్ఫేట్ ఆవేశం తమను నిలబెట్టేంత పరిమాణానికి వచ్చాక ఆగుతాయి. ఆపై కొత్త గొలుసులన్నీ వాటి మీదే చేరతాయి. సర్ఫాక్టెంట్ చేసే పని ఆ బీజాలను త్వరగా నిలబెట్టడం. అది ఎక్కువైతే బీజాలు ఎక్కువ, కణాలు చిన్నవి. పరిమాణాన్ని మార్చడానికి మన చేతిలో ఉన్న తేలికైన పట్టు ఇదే. అరగంటైనా ద్రవం తేటగానే ఉంటే ఆక్సిజన్‌నో, పాతబడిన పర్‌సల్ఫేట్‌నో అనుమానించండి.

నాలుగు నుంచి ఆరు గంటలు నడిపి, కలుపుతూనే చల్లార్చండి. గడ్డలుంటే గాజు దూదిలోంచి వడకట్టండి.

క్రాస్‌లింకర్ మోనోమర్ కంటే వేగంగా ఖర్చైపోతుంది. అందుకే కణం నడిమి భాగం బిగువుగా, బయటి అంచు వదులుగా తయారవుతుంది. అంచున గొలుసు కొసలు నీళ్లలోకి వేలాడుతుంటాయి. అంటే చల్లటి కణానికి గీత గీసినట్టు ఉపరితలం ఉండదు. ఇది చిన్న విషయంలా అనిపించినా, తర్వాత ఆవేశం గురించి మాట్లాడేటప్పుడు మొత్తం దీని మీదే ఆధారపడుతుంది.

రెండో దశ: శుద్ధి

ఉపరితల గుణాలు కొలవాలనుకునేవాళ్లు ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. నేను చేసిన తొలి బ్యాచ్‌ను రెండు రోజులు డయాలిసిస్ చేసి (చిన్న అణువులను మాత్రమే బయటికి పోనిచ్చే పొర గొట్టంలో పోసి నీళ్లలో ఉంచి) సరిపెట్టుకున్నాను. తలతన్యత కొలిస్తే గీత ఎంతో అందంగా, వేగంగా దిగింది. కణాల గుణమే అనుకుని చాలా రోజులు దాని వెంటే పడ్డాను. తీరా చూస్తే అందులో పెద్ద వాటా మిగిలిపోయిన సర్ఫాక్టెంట్‌ది.

ఆ సీసాలో కణాలతోపాటు మూడు రకాల మలినాలుంటాయి: చర్యలో పాల్గొనని మోనోమర్, సర్ఫాక్టెంట్ మరియు అయాన్లు, కణంలో చేరకుండా నీళ్లలో మిగిలిన విడి గొలుసులు. మొదటి రెండూ డయాలిసిస్‌తో పోతాయి. 12 నుంచి 14 వేల డాల్టన్ల (అణుభారపు ప్రమాణం) హద్దున్న గొట్టం తీసుకుని, రోజుకు రెండుసార్లు నీళ్లు మారుస్తూ వారం, పది రోజులు ఉంచండి. బయటి నీటి విద్యుద్వాహకత తాజా నీటితో సమానమయ్యేదాకా ఆపొద్దు. సర్ఫాక్టెంట్ పీనిపామ్ గొలుసును పట్టుకుని ఉంటుంది. మిగిలిపోతే తలతన్యత ఒక్కటే కాదు, ముడుచుకునే ఉష్ణోగ్రత కూడా పైకి జరుగుతుంది.

మూడోదాని సంగతి వేరు. పొడవాటి విడి గొలుసులు ఆ గొట్టంలోంచి బయటికి రావు. వాటికోసం సెంట్రిఫ్యూజ్ కావాలి. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. వెచ్చగా తిప్పితే కణాలు ముడుచుకుని, సాంద్రత పెరిగి త్వరగా అడుక్కి చేరతాయి కాబట్టి అదే సులువనిపిస్తుంది. కానీ ఆ వేడిలో విడి గొలుసులు కూడా ముద్దై కణాలతోపాటే దిగిపోతాయి. కాబట్టి 20 నుంచి 25 డిగ్రీల మధ్యే, ఎక్కువ వేగంతో, ఎక్కువసేపు తిప్పండి. గొలుసులు పైనీటిలో ఉండిపోతాయి. ఆ నీటిని తీసేసి, శుద్ధ నీరు పోసి, కణాలను మళ్లీ కలిపేయండి. ఇలా నాలుగైదుసార్లు చేయండి. ఎప్పుడు ఆపాలో పైనీరే చెబుతుంది: ప్రతిసారీ దాని తలతన్యత కొలవండి. 25 డిగ్రీల దగ్గర శుద్ధ నీటిది మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. పైనీటి విలువ దానికి దగ్గరగా వచ్చి అక్కడే నిలిస్తే కణాలు శుభ్రమైనట్టు.

చివరగా కొలిచిన ఘనపరిమాణాన్ని ఆరబెట్టి తూచి, ఘనపదార్థ శాతం రాసుకోండి.

మూడో దశ: పరిమాణం

కణాలను 0.01 శాతం దాకా పలుచన చేయండి. పలుచన చేసే నీటిలో ఒక మిల్లీమోలార్ పొటాషియం క్లోరైడ్ ఉంచండి, అయాన్ గాఢత మీ అదుపులో ఉంటుంది. దుమ్ము కోసం ఆ నీటిని వడకట్టండి. కణాలున్న ద్రవాన్ని మాత్రం సన్న ఫిల్టర్లలోంచి బలవంతంగా తోయకండి. మెత్తటి కణాలు నలిగి దూరిపోవచ్చు, కొన్ని ఫిల్టర్‌లోనే ఉండిపోవచ్చు. నీటిని ముందే కాస్త వేడిచేసి గాలి పోగొట్టుకుంటే సెల్‌లో బుడగలు రావు. 40 డిగ్రీల తర్వాత బుడగ ఒక్కటి చాలు కొలత పాడవడానికి.

కణాల మీద పడి చెదిరే కాంతిని బట్టి వాటి పరిమాణం చెప్పే డైనమిక్ లైట్ స్కాటరింగ్‌లో 20 నుంచి 50 డిగ్రీల వరకు రెండేసి డిగ్రీల చొప్పున వెళ్లండి. 29 నుంచి 36 మధ్య ఒక్కో డిగ్రీ చొప్పున కొలవండి. ప్రతి మెట్టు దగ్గర పది నిమిషాలు ఆగాకే మొదలుపెట్టండి. పైకి వెళ్లాక అదే దారిలో కిందికి కూడా రండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడాలి. పడకపోతే కణాలు ముడుచుకోవడంతోపాటు గుంపు కడుతున్నాయన్నమాట.

ఇక స్నిగ్ధత సంగతి. పరికరం నేరుగా కొలిచేది కణం ఎంత వేగంగా కదులుతోందనేది మాత్రమే. స్టోక్స్-ఐన్‌స్టీన్ సూత్రంలో ఆ వేగంతోపాటు నీటి స్నిగ్ధత, ఉష్ణోగ్రత పెట్టి పరిమాణం లెక్కగడుతుంది. నీటి స్నిగ్ధత 25 డిగ్రీల దగ్గర 0.890 మిల్లీపాస్కల్ సెకన్లు, 40 డిగ్రీల దగ్గర 0.653. 40 దగ్గర కూడా పాత విలువే ఉండిపోతే పరిమాణం అసలుకన్నా 27 శాతం తక్కువగా వస్తుంది. అసలే ముడుచుకునే కణం కాబట్టి ఈ తప్పు కంటికి ఆనదు, సహజంగానే అనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ దానంతట అదే మారుస్తుందన్న నమ్మకంతో నేనొకసారి మొత్తం శ్రేణిని మళ్లీ కొలవాల్సి వచ్చింది. ఒక్క ఉష్ణోగ్రత దగ్గరైనా చేత్తో లెక్కవేసి చూడండి. ముడుచుకోని పాలీస్టైరీన్ కణాలను అదే శ్రేణిలో కొలిస్తే ఇంకా మంచిది. వాటి పరిమాణం మారినట్టు కనిపిస్తే లోపం లెక్కలో ఉంది.

ఉబ్బు నిష్పత్తి లెక్క సులువే. 20 డిగ్రీల వ్యాసాన్ని 50 డిగ్రీల వ్యాసంతో భాగించి, దాన్ని ఘనం చేయండి. ఉదాహరణకు 600 నానోమీటర్ల కణం 280కి వస్తే ఘనపరిమాణం దాదాపు 9.8 రెట్లు తగ్గినట్టు. క్రాస్‌లింకర్ పెంచితే ఈ నిష్పత్తి తగ్గుతుంది, మార్పు కూడా మెల్లగా, ఎక్కువ డిగ్రీల మేర పరుచుకుని జరుగుతుంది. ముడుచుకున్న కణం పూర్తిగా ఎండిపోతుందని అనుకోకండి. అందులో ఇంకా చెప్పుకోదగ్గ నీరే ఉంటుంది.

నాలుగో దశ: ఆవేశం

పర్‌సల్ఫేట్‌తో మొదలైన ప్రతి గొలుసు చివరా రుణావేశం ఉన్న సల్ఫేట్ ఉంటుంది. ఉష్ణోగ్రత మారినా వాటి సంఖ్య మారదు. అయినా విద్యుత్ క్షేత్రంలో కణం కదిలే వేగం, అంటే ఎలక్ట్రోఫొరెటిక్ మొబిలిటీ, చల్లగా ఉన్నప్పుడు సున్నాకు దగ్గరగా ఉండి, వేడెక్కాక చాలా రెట్లు పెరుగుతుంది.

దీనికి రెండు కారణాలు. పై ఉదాహరణలోనే 600 నుంచి 280కి వచ్చిన కణం ఉపరితల వైశాల్యం సుమారు 4.6 రెట్లు తగ్గింది. అంతే ఆవేశం చిన్నచోట కిక్కిరిసింది. రెండోది ఇంకా ముఖ్యం. ఉబ్బిన కణం అంచు వదులు వల లాంటిది, నీరు అందులోంచి పారుతుంది, వల ఆ ప్రవాహానికి అడ్డుపడి కణాన్ని నెమ్మదింపజేస్తుంది. ముడుచుకున్నాక ఆ అంచు బిగుసుకుని, కణం గట్టి బంతిలా కదులుతుంది.

అందుకే ఒక విన్నపం. పరికరం తెర మీద కనిపించే జీటా పొటెన్షియల్‌ను, అంటే కణంతోపాటు కదిలే నీటి పొర అంచు (జారుడు తలం) దగ్గరి విద్యుత్ పొటెన్షియల్‌ను, నేరుగా రాసేయకండి. ఆ అంకె స్మొలుకోవ్‌స్కీ సూత్రంతో వస్తుంది. ఆ సూత్రం నునుపైన, గట్టి ఉపరితలాన్ని ఊహించుకుంటుంది. 25 డిగ్రీల నీటిలో ఒక యూనిట్ మొబిలిటీని, అంటే ఓల్ట్-సెకనుకు ఒక మైక్రోమీటర్-సెంటీమీటర్‌ను, అది 12.8 మిల్లీవోల్టులుగా మారుస్తుంది. ఉబ్బిన కణానికి జారుడు తలం ఎక్కడుందో చెప్పలేం కాబట్టి ఆ మిల్లీవోల్టులకు అర్థం లేదు. మొబిలిటీనే నివేదించండి. లోతుగా వెళ్లాలంటే మెత్తటి కణాల కోసం ఒషిమా రూపొందించిన సిద్ధాంతం ఉంది. రకరకాల ఉప్పు గాఢతల దగ్గర మొబిలిటీ కొలిచి, ఆవేశ సాంద్రతనూ అంచు వదులుతనాన్నీ దాంతో రాబట్టొచ్చు.

పరిమాణం గీతనూ మొబిలిటీ గీతనూ ఒకే ఉష్ణోగ్రత అక్షం మీద గీసి చూడండి. నాకు ఈ రంగంలో అన్నిటికంటే నచ్చే బొమ్మ అదే. రెండూ ఒకేచోట మలుపు తిరుగుతాయని అనుకుంటాం. చాలాసార్లు మొబిలిటీ కొన్ని డిగ్రీలు ఆలస్యంగా మారుతుంది. కణం చాలావరకు ముడుచుకున్నాక కూడా ఆవేశం మోసే అంచు గొలుసులు ఇంకా నీళ్లలో విచ్చుకునే ఉన్నాయని దానర్థం. క్రాస్‌లింకర్ అంతా మధ్యలోనే చేరిపోయిందని తయారీలో చెప్పుకున్నాం కదా, ఆ అసమానత ఇక్కడ అంకెల్లో కనిపిస్తోంది.

ధనావేశం కావాలంటే వీ-50 లాంటి, ధనావేశం ఇచ్చే ఇనిషియేటర్ వాడండి. అప్పుడు సర్ఫాక్టెంట్ కూడా ధనావేశం ఉన్నదే, ఉదాహరణకు సీటీఏబీ, అయి ఉండాలి. అక్రిలిక్ ఆమ్లం కొద్దిగా కలిపితే పీహెచ్‌కు కూడా స్పందన వస్తుంది. పీహెచ్ 3 దగ్గర మామూలు పీనిపామ్‌లాగే ఉండి, 7 దగ్గర ఆమ్లం అయనీకరణం చెంది కణం ఇంకా ఉబ్బుతుంది. ముడుచుకోవడం పై ఉష్ణోగ్రతకు జరుగుతుంది, ఆమ్లం పాలు ఎక్కువైతే దాదాపు ఆగిపోతుంది.

ఐదో దశ: ఉప్పు పెట్టి స్థిరత్వాన్ని పరీక్షించడం

ఖరీదైన పరికరం అక్కర్లేని పరీక్ష ఇది, నేర్పేది మాత్రం చాలా ఎక్కువ. 0, 1, 10, 50, 100, 200, 500 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్‌తో ఏడు టెస్ట్‌ట్యూబులు సిద్ధం చేయండి. ప్రతిదానిలోనూ కణాలు 0.05 శాతం ఉండాలి. ముందు 20 డిగ్రీల దగ్గర చూడండి. అన్నీ ఒకేలా, తేటగా ఉంటాయి. తర్వాత అన్నిటినీ 45 డిగ్రీల బాత్‌లో పెట్టండి. అన్నీ తెల్లబడతాయి. తక్కువ ఉప్పు ఉన్నవి అలాగే నిలబడతాయి. ఎక్కువ ఉప్పు ఉన్నవి కాసేపటికి తునకలు కట్టి అడుగుకు దిగుతాయి. తెల్లబడటం వేరు, గుంపు కట్టడం వేరు అన్నది ఇక్కడ కళ్లతోనే తెలుస్తుంది. మొదటిది ఒక్కో కణం గట్టిపడి వక్రీభవన గుణకం పెరగడం వల్ల, రెండోది కణాలు ఒకదానికొకటి అంటుకోవడం వల్ల.

చల్లగా ఉన్నప్పుడు కణాన్ని కాపాడేది నీటిలోకి చాచిన గొలుసులు. పైగా కణంలో ఎక్కువ భాగం నీరే కాబట్టి కణాల మధ్య వాన్ డెర్ వాల్స్ ఆకర్షణ (ఏ పదార్థపు కణాల మధ్యనైనా దగ్గర్లో ఉండే లాగుడు) కూడా బలహీనమే. ఉప్పు ఈ రెండిటినీ పెద్దగా కదిలించలేదు. వేడెక్కాక గొలుసులు ముడుచుకుంటాయి, ఆకర్షణ పెరుగుతుంది, అడ్డు నిలిచేది ఆవేశం ఒక్కటే. ఆ ఆవేశం ఎంత దూరం పనిచేస్తుందో చెప్పే డిబై పొడవు ఒక మిల్లీమోలార్ ఉప్పులో 9.6 నానోమీటర్లు, 100 మిల్లీమోలార్‌లో 0.96. కవచం అంత పలచబడ్డాక కణాలు ఢీకొన్నప్పుడల్లా అంటుకుంటాయి.

ఇప్పుడు ట్యూబులను తిరిగి 20 డిగ్రీలకు తెచ్చి మెల్లగా ఊపండి. తునకలు విడిపోయి మళ్లీ తేటపడాలి. ఒకటి రెండు ట్యూబుల్లో పూర్తిగా విడిపోకపోతే వాటిని వేడిలో ఎంతసేపు ఉంచారో చూసుకోండి. ఆ తర్వాత మొత్తం పరీక్షను సోడియం సల్ఫేట్‌తో చేయండి. సల్ఫేట్ అయాన్ నీటిని తనవైపు గట్టిగా లాక్కుంటుంది కాబట్టి ముడుచుకునే ఉష్ణోగ్రతే క్లోరైడ్‌తో కంటే ఎక్కువగా కిందికి దిగుతుంది. అందుకే ఉప్పు ఫలితాలు రాసేటప్పుడు ఉప్పు పేరు రాయకపోతే అంకెకు విలువ లేదు.

ఆరో దశ: నీటి ఉపరితలం మీద

ఈ కణాలు గాలి-నీటి హద్దుకు వాటంతట అవే చేరతాయి. అక్కడ గుండ్రంగా ఉండవు. వదులు అంచు హద్దు వెంబడి పరుచుకుంటుంది, బిగువైన నడిమి భాగం నీటివైపు ఉబ్బెత్తుగా మిగులుతుంది. క్రాస్‌లింకర్ ఎంత తక్కువైతే అంత ఎక్కువ పరుచుకుంటాయి.

0.01 శాతం ద్రవంతో, పెండెంట్ డ్రాప్ పద్ధతిలోనో (వేలాడే బొట్టు ఆకారాన్ని బట్టి) విల్హెల్మీ ప్లేట్‌తోనో (నీటిని తాకిన పలకను నీరు లాగే బలాన్ని బట్టి), కనీసం రెండు గంటలు తలతన్యతను కాలంతోపాటు కొలవండి. మామూలు సర్ఫాక్టెంట్‌లా క్షణాల్లో కాకుండా మొదట కాసేపు కదలక, తర్వాత దిగుతూ, మీటరుకు 40 నుంచి 45 మిల్లీన్యూటన్ల ప్రాంతంలో స్థిరపడుతుంది. బొట్టు ఆవిరైపోకుండా చుట్టూ తేమ ఉంచండి. వేడి దగ్గర కొలిచేటప్పుడు శుద్ధ నీటి విలువ కూడా మారుతుందని మరవకండి. 40 డిగ్రీలకు అది 69.6. పోలిక ఎప్పుడూ అదే ఉష్ణోగ్రత నీటితోనే.

నూనె-నీటి హద్దు దగ్గర కూడా ఇంతే. కణాల ద్రవం, డోడెకేన్ అనే నూనె సమానంగా పోసి బాగా కుదిపితే తెల్లటి ఎమల్షన్ (ఒకదానిలో ఒకటి బొట్లుగా చెదిరిన మిశ్రమం) రోజుల తరబడి నిలుస్తుంది. దాన్ని 50 డిగ్రీలకు వేడి చేయండి, పొరలు విడిపోతాయి. వేడికి కణాలు హద్దు వదిలి వెళ్లిపోతాయని చాలామంది అనుకుంటారు. ఒకసారి అతుక్కున్నవి అంత తేలిగ్గా వదలవు. కణాలు కుంచించుకుని మధ్యలో ఖాళీలు పడటం, పొర సాగే గుణం మారడం వైపు నుంచి ఆలోచిస్తే చూసినదానికి అర్థం దొరుకుతుంది.

కణాలను గాజు పలక మీద పొరగా వేసి స్పర్శకోణం కొలవొచ్చు. పొర నీటిని పీల్చుకుంటుంది కాబట్టి బొట్టు పెట్టే పద్ధతి కంటే, పలకను నీటిలో ముంచి గాలి బుడగను కింద అంటించే పద్ధతి నమ్మదగినది. వేడికి ఉపరితలం నీటికి దూరమై, చల్లబడితే మళ్లీ నీటిని పట్టుకునే గుణాన్నే జపాన్ శాస్త్రవేత్త ఒకానో బృందం 1990 నుంచి కణజాల పెంపకంలో వాడింది. పీనిపామ్ అంటించిన పళ్లెం మీద 37 డిగ్రీల దగ్గర జీవకణాలు అతుక్కుని పెరుగుతాయి. చల్లబరిస్తే ఎంజైమ్ అవసరం లేకుండానే విడివడి వస్తాయి.

నిల్వ

శుద్ధి చేసిన ద్రవాన్ని 4 డిగ్రీల దగ్గర, శుభ్రమైన గాజు సీసాలో ఉంచండి. సూక్ష్మజీవుల భయంతో సోడియం అజైడ్ వేస్తే అది కూడా ఉప్పేనని గుర్తుంచుకుని, ఎంత వేశారో సీసా మీద రాయండి. నెల తర్వాత మళ్లీ వాడబోయే ముందు 20, 50 డిగ్రీల దగ్గర పరిమాణం, 45 దగ్గర మొబిలిటీ కొలిచి పాత అంకెలతో పోల్చండి. 20 దగ్గర పరిమాణం పెరిగి, పరిమాణాల వ్యాప్తి కూడా పెరిగితే కణాలు గుంపు కట్టాయి. పరిమాణం అలాగే ఉండి మొబిలిటీ మాత్రం మారితే ఉపరితలానికి ఏదో అంటింది, లేదా సల్ఫేట్ కొసలు నెమ్మదిగా జలవిశ్లేషణ చెందాయి. ఆ బ్యాచ్‌ను మళ్లీ సెంట్రిఫ్యూజ్‌లో కడిగి, పైనీటి తలతన్యత కొలవడం దగ్గర్నుంచి మొదలుపెట్టండి.